నియెన్‌గావ్ గట్టిపడేదెందుకు, మళ్ళీ మెత్తబడేదెందుకు

చైనా వాళ్ళ కొత్త సంవత్సరం జనవరి 21కి, ఫిబ్రవరి 20కి మధ్య ఏదో ఒక రోజున వస్తుంది. ఆ పండక్కి వారం ముందు నుంచే దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ ఇళ్ళల్లో ఆవిరి గిన్నెలు పొయ్యెక్కుతాయి. వాటిలో ఉడికేది నియెన్‌గావ్: జిగురు బియ్యప్పిండి, చెరుకు బెల్లం, నీళ్ళు, అంతే సరుకు. దించిన వెంటనే కోయబోతే కత్తికి అతుక్కుని సాగుతుంది, ముక్క రాదు. మర్నాటికి బిగుసుకుపోతుంది. అప్పుడు ముక్కలు కోసి, గుడ్డుసొనలో ముంచి పెనం మీద కాలిస్తే ఆ బిగుసుకున్నదే మళ్ళీ మెత్తబడి సాగుతుంది.

మొదటిసారి చేసినవాళ్ళు మర్నాడు దాన్ని నొక్కి చూసి, వంట చెడిందని తేల్చేస్తారు. చెడలేదు. గట్టిపడుతుందని తెలిసే చేసే వంట అది. ఎందుకు గట్టిపడుతుందో తెలియాలంటే బియ్యపు గింజ లోపలికి వెళ్ళాలి.

గింజలో ఉండే పిండిపదార్థం రెండు రకాల గొలుసుల కలయిక. రెండూ గ్లూకోజ్ గొలుసులే. అమైలోజ్ దాదాపు కొమ్మలు లేకుండా పొడుగ్గా సాగేది. అమైలోపెక్టిన్ కొమ్మకు కొమ్మ వేస్తూ గుబురుగా పెరిగేది. మనం రోజూ అన్నం వండుకునే బియ్యంలో అమైలోజ్ రకాన్ని బట్టి సుమారు 15 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. జిగురు బియ్యంలో అది రెండు శాతం లోపే, ఒక్కోసారి అసలు ఉండదు. కారణం వ్యాక్సీ అనే ఒకే ఒక్క జన్యువు. అమైలోజ్‌ను తయారుచేసే ఎంజైమ్‌కు కావలసిన సమాచారం దానిలో ఉంటుంది. జిగురు బియ్యంలో ఆ జన్యువులోని 23 డీఎన్ఏ అక్షరాల ముక్క ఒకటి రెండోసారి పడింది. దాంతో ఎంజైమ్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. ఆగ్నేయాసియా, చైనా రైతులు ఈ లోపమున్న గింజనే ఇష్టపడి, వేల ఏళ్ళుగా విత్తనానికి దాచుకుంటూ వచ్చారు. జిగురు ఉంది కదా అని గోధుమలోని గ్లూటెన్ కూడా ఉంటుందనుకోవద్దు, ఇందులో అది లేదు.

రెండు బియ్యాలకూ తేడా కంటికే తెలుస్తుంది. మామూలు బియ్యపు గింజను వెలుతురుకు పట్టి చూస్తే కాస్త పారదర్శకంగా ఉంటుంది. జిగురు బియ్యం సుద్దముక్కలా తెల్లగా, వెలుతురు దూరకుండా ఉంటుంది. దాని పిండి రేణువుల్లోని సన్నని ఖాళీలు వెలుతురును చెదరగొట్టేస్తాయి. ఇంకా నమ్మకం కలగకపోతే రెండు గిన్నెల్లో రెండు రకాల గంజీ చల్లార్చి, ఒక్కో చుక్క టించర్ అయోడిన్ వేసి చూడండి. మామూలు బియ్యపు గంజి నల్లని నీలానికి తిరుగుతుంది. జిగురు బియ్యానిది ఎరుపు కలిసిన గోధుమ రంగు దగ్గరే ఆగిపోతుంది. అయోడిన్ వెళ్ళి ఇరుక్కోవడానికి చుట్టలు తిరిగే పొడుగాటి అమైలోజ్ కావాలి, అది ఇక్కడ లేదు. అంగట్లో ఏ పొట్లమూ నమ్మబుద్ధి కానప్పుడు ఈ పరీక్ష చాలు.

పిండిని నీళ్ళతో వేడిచేస్తే సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య రేణువులు ఉబ్బి, లోపలి అమరిక చెదిరి, చిక్కటి జావ అవుతుంది. చల్లారాక రెండు గొలుసులూ రెండు దారులు పడతాయి. అమైలోజ్ గంటల్లోనే ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టి వల కడుతుంది. ఆ వల కరగాలంటే 120 డిగ్రీలు దాటాలి, అంటే మన పొయ్యి మీద ఆవిరికి లొంగదు. అమైలోపెక్టిన్ కొమ్మలు పొట్టివి కాబట్టి అవి నెమ్మదిగా, గంటల నుంచి రోజుల దాకా తీసుకుని వరుసకట్టి గట్టిపడతాయి. కాని 60 డిగ్రీల దరిదాపుల్లోకి రాగానే ఆ వరుసలు విడిపోతాయి. నియెన్‌గావ్ మర్మమంతా ఇదే. అది గట్టిపడేది విడిపోయే రకంగానే.

ఇంట్లో చేసుకోవడానికి 300 గ్రాముల జిగురు బియ్యప్పిండి, 200 గ్రాముల బెల్లం, పావు లీటరుకు పైన నీళ్ళు సరిపోతాయి. అక్కడ పలకలుగా దొరికే చెరుకు బెల్లం వాడతారు, మన బెల్లం దానికి బాగా దగ్గర. బెల్లం నీళ్ళలో కరగబెట్టి, ఇసుక పోయేలా వడకట్టి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. ఆ ఓపిక లేక మరిగే పానకంలో పిండి పోస్తే ఉండల పైపొర అప్పటికప్పుడే ఉడికి, లోపలి పిండి పొడిగా మిగిలిపోతుంది. ఆ ఉండలు ఎంత కలిపినా విడవవు. కలిపిన పిండి గరిటె నుంచి ధారగా జారాలి.

నూనె రాసిన గిన్నెలో అరటాకు పరిచి పోసి, పైన మూత గాని పళ్ళెం గాని పెట్టి గంటకు తక్కువ కాకుండా ఆవిరి మీద ఉంచాలి. పైన మూత లేకపోతే ఆవిరి నీళ్ళు చుక్కలుగా పడి ఉపరితలం గుంటలు పడుతుంది. గంట ఎందుకంటే పంచదార, బెల్లం నీటిని తమవైపు లాక్కుని, పిండి ఉడకడాన్ని ఆలస్యం చేస్తాయి. ఆ బెల్లమే తర్వాత గట్టిపడటాన్ని కూడా నెమ్మదింపజేస్తుంది. తీపి తగ్గించి చేసినవాళ్ళ నియెన్‌గావ్ మరీ తొందరగా బిగుసుకునేది ఇందుకే. పుల్ల గుచ్చి తీస్తే తెల్లటి పిండి అంటకూడదు. వేడి మీదే పైన నువ్వులో, ఎర్ర ఖర్జూరమని పిలిచే ఎండు రేగుపండో అద్ది, రాత్రంతా ఆరనివ్వాలి.

మలేషియా, సింగపూర్‌లలో అరటాకు చుట్టిన డబ్బాల్లో పోసి ఎనిమిది, పది గంటలు ఉడికించి ముదురు గోధుమ రంగు తెప్పిస్తారు. దాన్ని చిలగడదుంప, చేమదుంప ముక్కల మధ్య పెట్టి పిండిలో ముంచి వేయిస్తారు. నన్నడిగితే గుడ్డు కంటే ఆ దుంపల జోడీయే మేలు.

పిండి విషయంలో ఒక మాట. పొడి మరలో ఆడిన పిండి కంటే, నానబెట్టి నీళ్ళతో రుబ్బి, గుడ్డలో కట్టి నీళ్ళు వార్చిన పిండికి అక్కడ విలువెక్కువ. పొడిగా ఆడేటప్పుడు రాపిడికి, వేడికి రేణువులు పగులుతాయి. పగిలినవి చన్నీళ్ళనే తాగేసి, ముద్దను నున్నగా కుదరనివ్వవు. మన ఇళ్ళల్లో అరిసెలకు తడిపిండే కావాలని పట్టుబట్టడంలోనూ ఈ కారణం కొంత ఉంది.

అయితే చైనాలో నియెన్‌గావ్ అంటే జిగురు బియ్యమే అనుకుంటే నింగ్‌బో వాళ్ళు ఒప్పుకోరు. తూర్పు తీరంలోని ఆ ఊరి పరిసరాల్లో, ముఖ్యంగా ఛిచెంగ్‌లో చేసేది తెల్లగా, తీపి లేకుండా, కడ్డీల్లా ఉంటుంది. వాళ్ళు వాడేది జిగురు బియ్యం కాదు, పొట్టి గింజల జపోనికా బియ్యం. దాన్ని నానబెట్టి, రుబ్బి, నీళ్ళు పిండి, ఆవిరిలో ఉడికించి రోట్లో దంచుతారు. ఆ బియ్యంలో ఉన్న కొద్దిపాటి అమైలోజ్ కట్టే వల వల్లే ఆ కడ్డీల ముక్కలు పులుసులో ఉడికినా కరగవు, పంటికి ఆనుతాయి. జిగురు బియ్యపుది పులుసులో వేస్తే విడిపోతుంది. చలికాలంలో ఆ కడ్డీలను నీళ్ళ తొట్టెల్లో మునిగేలా ఉంచి, నీళ్ళు మారుస్తూ వారాల తరబడి వాడుకునేవారు. అవి ఎండి పగలకుండా ఉండటానికే ఆ నీళ్ళు. నింగ్‌బో పక్కనే ఉన్న హెముదులో 1973లో తవ్వకాలు మొదలైనప్పుడు సుమారు 7,000 ఏళ్ళనాటి వరి బయటపడింది. బియ్యంతో ఆ నేలకున్న పరిచయం అంతటిది.

తూర్పు చైనాలోని సుజౌ నగరంలో ఒక కథ చెబుతారు. క్రీస్తు పూర్వం ఆ ఊరి కోటను కట్టించిన వూ జిషూ అనే మంత్రి, కరువొస్తే గోడ కింద తవ్వమని చెప్పి పోయాడట. తవ్వితే ఇటుకలన్నీ జిగురు బియ్యపు ముద్దలేనట. కథ సంగతి అటుంచితే, గోడల్లోకి ఈ బియ్యం వెళ్ళింది మాత్రం నిజం. మింగ్ రాజుల కాలంలో కోటగోడలకు, సమాధులకు సున్నంలో జిగురు బియ్యపు గంజి కలిపేవారు. జేజియాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ పాత సున్నాన్ని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. సున్నం గాలి తగిలి కాల్షియం కార్బొనేట్‌గా మారేటప్పుడు అమైలోపెక్టిన్ దాని స్ఫటికాలను పెద్దవి కానివ్వదు. సన్నటి స్ఫటికాలు దగ్గర దగ్గరగా సర్దుకుని గోడ గట్టిపడుతుంది. కొమ్మలున్న అదే గొలుసు వంటింట్లో ఒక రకంగా, గోడలో ఒక రకంగా పనికొచ్చింది.

ఇంట్లో రుబ్బుకునేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. నానబెట్టిన బియ్యాన్ని, తడిపిండిని మన ఎండల్లో రోజుల తరబడి బయట పులియనివ్వకూడదు. అలాంటి పిండిలో బర్ఖోల్డేరియా గ్లాడియోలై అనే బాక్టీరియా పెరిగితే బాంగ్‌క్రెకిక్ ఆమ్లం అనే విషం తయారుకావచ్చు. ఎంత ఉడికించినా అది పోదు, రుచిలోనూ వాసనలోనూ తెలియదు. 2020 అక్టోబరులో చైనాలోని హెయ్‌లాంగ్‌జియాంగ్‌లో ఇంట్లో చేసిన పులిసిన మొక్కజొన్న సేమ్యా తిని 9 మంది చనిపోయింది ఈ విషంతోనే. రాత్రి నానబెట్టేది ఫ్రిజ్‌లో పెట్టండి, రుబ్బింది ఆరోజే వాడేయండి.

తయారైన నియెన్‌గావ్‌ను మాత్రం ఫ్రిజ్ అరలో పెట్టకండి, కోయడానికి గట్టిపరచాలనుకుంటే తప్ప. నాలుగు డిగ్రీల దగ్గరే అమైలోపెక్టిన్ అన్నిటికంటే వేగంగా బిగుస్తుంది. ఫ్రీజర్‌లో ఆ కదలిక దాదాపు ఆగిపోతుంది కాబట్టి ముక్కలు కోసి, విడివిడిగా చుట్టి అక్కడ పెట్టుకోవాలి. తినేముందు సన్నని సెగ మీద, లోపలి దాకా వేడి చేరేలా కాల్చాలి. పైన మాత్రమే మెత్తబడి లోపల బిగిసి ఉన్న ముక్క గొంతుకు అడ్డం పడుతుంది. జపాన్‌లో ఇలాంటిదే అయిన మోచి తిని ఊపిరాడక ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో పెద్దవాళ్ళు ఆసుపత్రి పాలవుతుంటారు, టోక్యో అగ్నిమాపక శాఖ ముందుగానే హెచ్చరికలు ఇస్తుంది. ముసలివాళ్ళకు, పిల్లలకు చిటికెన వేలి గోరంత ముక్కలు చేసి పెట్టండి. వేడి టీ పక్కనుంటే ఇంకా నయం.