దోమపోటు పాఠం అడిగితే మలేరియా పాఠం రాకూడదంటే

గోదావరి డెల్టాలో సార్వా వరి పొట్ట దశకు వచ్చేసరికి రైతులకు దోమపోటు టెన్షన్ పట్టుకుంటుంది. గోధుమరంగు పురుగులు దుబ్బుల మొదళ్లలో చేరి రసం పీల్చేస్తే చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. పాఠ్యపుస్తకాల్లో వీటి పేరు సుడిదోమ, ఇంగ్లీషు పాఠాల్లో బీపీహెచ్ (బ్రౌన్ ప్లాంట్ హాపర్). వ్యవసాయ డిప్లొమా చదివే అమ్మాయి ఫోన్‌లో 'దోమ నివారణ' అని వెతికితే దోమతెరలు, మలేరియా, డెంగీ ముందుకొస్తాయి. ఆమెకు పనికొచ్చే పాఠం ఇంకో పేరుతో ఎక్కడో ఉండిపోతుంది.

ఈ చిక్కుకు సెమాంటిక్ వెబ్ దగ్గర, అంటే వెబ్‌లోని విషయాల అర్థం కంప్యూటర్లకూ తెలిసేలా రాసే పద్ధతి దగ్గర, మంచి సమాధానం ఉంది. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ, మరో ఇద్దరు పరిశోధకులు 2001లో ఈ ఆలోచనను సామాన్య పాఠకుల ముందు పెట్టారు. దోమపోటు, సుడిదోమ, బీపీహెచ్ మూడింటినీ వెబ్ చిరునామా లాంటి ఒకే శాశ్వత గుర్తింపుకు కట్టేస్తారు. దాని చుట్టూ మూడు ముక్కల చిన్న వాక్యాలు రాస్తారు: 'సుడిదోమ - ఆశించే పంట - వరి', 'స్వర్ణ - తట్టుకోలేని పురుగు - సుడిదోమ', 'ఈ వీడియో - బోధించే అంశం - సుడిదోమ'. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన వరి రకం స్వర్ణ (ఎంటీయూ 7029) గురించి చదువుతున్న విద్యార్థికి ఈ వీడియో అవసరమని కంప్యూటర్ వీటిని కలిపి తేల్చగలదు, వీడియోలో స్వర్ణ పేరు ఒక్కసారి రాకపోయినా సరే. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

పాఠాలిచ్చే వెబ్ సర్వీసులనూ, అంటే ఇంకో ప్రోగ్రామ్ అడిగితే ఇంటర్నెట్‌లో జవాబిచ్చే ప్రోగ్రాములనూ, ఇలాగే వర్ణించవచ్చు. ఏ వివరాలిస్తే ఏం తిరిగి ఇస్తుంది, దానికి ముందు ఏ షరతులు తీరాలి అని రాయడానికి ఓడబ్ల్యూఎల్-ఎస్ అనే పద్ధతి 2004లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ముందుకు వచ్చింది. అడిగినదానికీ దొరికినదానికీ పొంతన అచ్చంగా కుదిరిందా, లేక 'వరి పురుగులు' అన్నంత విశాలంగా ఉందా అని చూసి సర్వీసులకు వరుస కట్టవచ్చు. ఆ తర్వాత భాష, స్థాయి, నిడివి, ముందే తెలిసి ఉండాల్సిన విషయాలు చూసి ఎంపిక.

సర్వీసులు వాటంతటవే ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసి పనిచేస్తాయన్న కల పెద్దగా నెరవేరలేదు. వర్ణనలు రాయడం మరీ శ్రమ అయిపోయింది. తేలికైన పద్ధతులే నిలిచాయి. పాఠాల వివరాలు రాయడానికి 2011లో మొదలైన ఎల్ఆర్ఎంఐ అలాంటిదే, 2013లో దాని పదాలు సెర్చ్ ఇంజన్లు ఉమ్మడిగా వాడే పదాల పట్టిక స్కీమా.ఆర్గ్‌లో చేరాయి. పాఠం ఏం నేర్పుతుంది, ఏ స్థాయికి, ఎంత సేపు అని నాలుగు గడులు నింపితే చాలు.

ఆ గడులు నింపేవాళ్లే మనకు కావాలి. సెర్చ్ ఇంజన్లు ఇప్పుడు అర్థాన్ని కొంతవరకు ఊహిస్తున్నాయి కానీ, ఒక తెలుగు వీడియో ఇంటర్ పిల్లలకా, డిప్లొమా వాళ్లకా అన్నది దాన్ని తయారుచేసిన మాస్టారికి తెలిసినట్టు వాటికి తెలియదు. అందుకే పాఠం అప్‌లోడ్ చేసేటప్పుడే ఆ వివరాలతో పాటు రైతులు వాడే 'దోమపోటు' అన్న మాట కూడా చేర్చాలి. ఒక్కో పాఠానికి ఐదు నిమిషాల పని.