మొక్కజొన్న: యూరియా మూటల కంటే ముందు మొక్కలు లెక్కపెట్టండి
(కొన్ని అపోహలు - వాస్తవాలు)

చంద్రగిరి పక్కన బోరు కింద మాకు రెండెకరాల కయ్య ఉంది. అందులో మొక్కజొన్న వేస్తూ, చుట్టుపక్కల రైతులు పిలిస్తే వాళ్ల పొలాలకు వెళ్లి చూస్తూ ఉంటాను. కార్తీకం దాటిందంటే అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, యూరియా ఎన్ని మూటలు వెయ్యమంటావు?" "ఎకరాకు మొక్కలెన్ని ఉన్నాయి?" అని నేనడుగుతాను. దానికి జవాబు దాదాపు ఎవరి దగ్గరా ఉండదు.

అపోహ: మొక్కలెక్కువైతే గింజలెక్కువ

కొంతవరకే నిజం. పాడి ఉన్న ఇళ్లలో మేతకు ఆఫ్రికన్ టాల్ అనే మేత మొక్కజొన్న ఒత్తుగా చల్లే అలవాటుంది. ఆ కన్నుతోనే గింజ పంటనూ చూస్తారు, కాస్త పలచగా కనిపిస్తే మనసు ఊరుకోదు. మేతకు ఆకు, కాడ వస్తే చాలు. గింజ పంటలో ప్రతి మొక్కా ఒక నిండు కంకి వెయ్యాలి. వరిలా పిలకలు తొడిగి ఖాళీలు పూడ్చుకునే పైరు కూడా కాదిది.

బోరు నీళ్ల మీద నమ్మకముంటే సాళ్ల మధ్య 60 సెం.మీ., మొక్కల మధ్య 20 సెం.మీ. పెట్టిస్తాను. అప్పుడు ఎకరాకు 33 వేల చిల్లర మొక్కలు వస్తాయి. నీళ్లు అనుమానమైనా, గులకరాళ్లు తేలిన ఎర్ర నేలైనా మొక్కల దూరం 25 సెం.మీ.కు పెంచి 26 వేల చిల్లరతో సరిపెట్టుకుంటాను. విత్తనం ఎకరాకు 8 కిలోలు.

నేనూ ఒకసారి ఆశపడ్డాను. 15 సెం.మీ.కే గింజ పెట్టించాను, లెక్కకు 44 వేల మొక్కలు. నెలన్నర దాకా చూడముచ్చటగా ఉంది, దారిన పోయేవాళ్లు ఆగి మరీ మెచ్చుకున్నారు. ఆ తర్వాత కాడలు సన్నబడి పైకి సాగిపోయాయి. చాలా మొక్కల్లో మగపూత పుప్పొడి రాల్చేశాక గానీ కంకి పీచు బయటికి రాలేదు. కంకులు వలిచి చూస్తే కొసలు బోడి, కొన్ని మొక్కలకు అసలు కంకే లేదు. ఒక రాత్రి గాలికి తూర్పు మూలంతా పడిపోయింది. ఆ గొడ్డు మొక్కలూ నా యూరియా తిన్నవే, నా బోరు నీళ్లు తాగినవే.

లెక్కపెట్టడం పది నిమిషాల పని. 60 సెం.మీ. సాళ్లయితే 6 మీటర్ల 75 సెం.మీ. తాడు కొలిచి సాలు పక్కన పరచండి. ఆ పొడవులో ఎన్ని మొక్కలున్నాయో చూసి వెయ్యితో గుణిస్తే ఎకరాకు ఎన్నో తెలుస్తుంది. కయ్యలో ఐదారు చోట్ల చూడాలి, బాగున్న చోట మాత్రమే కాదు.

అపోహ: గుంటకు రెండు గింజలేస్తే భద్రం

వెయ్యండి. కానీ రెండూ మొలిస్తే 10-12 రోజులప్పుడు ఒకటి పీకెయ్యాలి. మొలిచిన మొక్కను పీకడానికి చెయ్యి రాదు, మా అమ్మకైతే అసలు రాదు. ఇక మూడో వారంలో ఖాళీల్లో గింజలు పెడితే, ఆ మొక్కలు పక్కవాటి నీడలో పెరిగి చివరికి ఆవుకే పోతాయి.

అపోహ: పైరు నల్లగా తిరిగితే ఎరువు సరిపోయినట్టే, ఇంకో మూట వేస్తే ఇంకా మంచిది

బోరు కింద రబీ సంకర రకాలకు ఎకరాకు 80 నుంచి 96 కిలోల నత్రజని సిఫారసు. 45 కిలోల యూరియా మూటలో ఉండేది 20.7 కిలోలే. నత్రజని, భాస్వరం రెండూ ఉండే డీఏపీ 50 కిలోల మూటలో 9 కిలోలు. నేను విత్తేటప్పుడు డీఏపీ ఒక మూట, యూరియా అరమూట వేస్తాను. తర్వాత 25-30, 45-50, 60-65 రోజులప్పుడు ఒక్కో మూట యూరియా. మొత్తం 81 కిలోల చిల్లర వచ్చింది కదా. పొటాష్ లెక్క వేరే.

తాడు పెట్టి చూస్తే 20 వేల మొక్కలే తేలాయనుకోండి. అప్పుడు ఐదో మూట వేసినా లేని కంకి రాదు. ఉన్న కంకి కొంత లావెక్కుతుంది, దానికీ ఒక హద్దుంది. మిగిలిన నత్రజనితో ఆకు మెత్తబడి పురుగుకు రుచిగా ఉంటుంది, అంతే.

అపోహ: మొదట్లోనే అంతా వేస్తే కూలి ఖర్చు మిగులుతుంది

కూలి మిగులుతుంది, ఎరువు మిగలదు. మొదటి నెల ఈ మొక్క తినేది చాలా తక్కువ. మోకాలెత్తు దాటినప్పటి నుంచి పీచు వచ్చేదాకా అసలైన ఆకలి. మన ఎర్ర గరప నేలలో ముందే వేసిన యూరియా ఆ ఆకలి వేళకు నీళ్లతో పాటు వేళ్లకు అందనంత కిందికి దిగిపోతుంది. డ్రిప్ ఉన్నవాళ్లు ఇంకా చిన్న వాయిదాలుగా వదలొచ్చు, యూరియా నీళ్లలో పూర్తిగా కరుగుతుంది. డీఏపీని మాత్రం పైపుల్లోకి పంపకండి.

చల్లే తీరులోనూ తప్పుంది. పొడి నేల మీద చల్లి ఎండకు వదిలేస్తే కొంత గాలిలో కలిసిపోతుంది. చల్లి కయ్య నిండా నీళ్లు కడితే కిందికి పోతుంది. సాలు పక్కన వేసి, మట్టి ఎగదోసి, పలచగా తడి ఇవ్వాలి.

అపోహ: ఆకు పసుపెక్కితే యూరియా తక్కువైనట్టే

ఏ ఆకో చూడండి. కింది ముదురాకు కొస నుంచి నడి ఈనె వెంట వంకీలా (V ఆకారంలో) పసుపెక్కితే నత్రజని లోపం. లేత ఆకుల మీద తెల్లటి చారలు పడితే జింకు లోపం, దానికి యూరియా పనిచెయ్యదు. లేత పైరులో ఆకు అంచులు ఊదా రంగుకు తిరిగితే భాస్వరం గురించి ఆలోచించాలి. ఇక 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పటి వానల్లాంటివి పడితే, నీళ్లు నిలిచి వేళ్లకు గాలాడక పైరంతా పాలిపోతుంది. అప్పుడు ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపాలి. నేల ఆరాక మూట విప్పండి.

అపోహ: శెనక్కాయ తర్వాత వేస్తే యూరియా అక్కర్లేదు

శెనక్కాయ నేలకు నత్రజని ఇచ్చే మాట నిజమే. కానీ మనం కాయ కోసుకుని, కట్టె మొత్తం ఆవులకు ఎత్తేస్తాం. అది పోయాక నేలలో మిగిలేది కొంతే. దిబ్బెరువు తోలితే అందులో కొంత తిరిగొస్తుంది.

అపోహ: చివర్లో ఒక మూట వేస్తే గింజ బరువెక్కుతుంది

కంకి మధ్యలోంచి ఒక గింజ ఊడదీసి, అది కంకికి అతుక్కున్న మొదలు దగ్గర గోటితో గీకి చూడండి. నల్లటి పొర కనిపిస్తే గింజకు తల్లి నుంచి రావాల్సింది ఆగిపోయినట్టే. కొన్ని రకాల్లో అప్పటికీ ఆకు పచ్చగానే ఉంటుంది, ఆ పచ్చదనం చూసే మోసపోతారు. ఆ మూట వచ్చే పంటకు దాచుకోండి, గోదాములో తడి తగలకుండా.