ఆసుపత్రి బిల్లు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి విశాఖ రామ్‌నగర్‌లోనో ఆరిలోవ హెల్త్ సిటీలోనో ఆసుపత్రిలో చేరేవాళ్లు బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఎక్కువగా పొరబడేది వీటిలోనే.

అపోహ: మంచి గది తీసుకుంటే గది అద్దె ఒక్కటే పెరుగుతుంది.

వాస్తవం: చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో డాక్టర్ విజిట్, సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ కూడా గదిని బట్టే మారతాయి. బీమా ఉన్నవాళ్లకు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. మీది 3 లక్షల పాలసీ, గది అద్దె పరిమితి రోజుకు 1 శాతం, అంటే 3,000 అనుకుందాం. 6,000 గదిలో 4 రోజులు ఉంటే అద్దె 24,000లో బీమా నుంచి 12,000 వస్తుంది. సర్జన్, థియేటర్, నర్సింగ్ కలిపి 80,000 అయితే అదే నిష్పత్తిలో దాంట్లోనూ సగం కోసేస్తారు. వెరసి మీ చేతి నుంచి 52,000! మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదు, వేస్తే నిలదీయండి. ఐసీయూ కాని గది అద్దె రోజుకు 5,000 దాటితే 5 శాతం జీఎస్టీ అదనం. అందుకే ముందు ఆసుపత్రిలోని టీపీఏ (బీమా క్లెయిమ్‌లు చూసే సంస్థ) డెస్క్‌లో పాలసీ చూపించి, ఆ తర్వాతే గది ఖాయం చేసుకోండి.

అపోహ: క్యాష్‌లెస్ బీమా అంటే రూపాయి కట్టక్కర్లేదు.

వాస్తవం: గ్లౌజులు, డైపర్లు, అటెండెంట్ భోజనం చాలా పాలసీల్లో రావు. డిశ్చార్జ్ అనుమతి మాత్రం 3 గంటల్లో రావాలి. బీమా కంపెనీ ఆలస్యం చేసి గది అద్దె పెరిగితే ఆ అదనం కంపెనీయే భరించాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది.

అపోహ: ఫైనల్ బిల్లు కంప్యూటర్ వేసింది, ఇంకేం చూస్తాం?

వాస్తవం: కంప్యూటర్‌కి ఎక్కించేది మనుషులే. దేనికెంతో విడివిడిగా చూపే బ్రేకప్ బిల్లు అడగండి. వార్డు నుంచి ఫార్మసీకి తిరిగి వెళ్లిన ఇంజెక్షన్లు, సెలైన్లు మైనస్‌లో పడ్డాయా? ఐసీయూ నుంచి గదికి మార్చిన రోజున రెండు అద్దెలూ వేశారా? తప్పులు ఎక్కువగా దొరికేది ఈ రెండు చోట్లే.

అపోహ: ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుంటే ఎక్కడైనా, దేనికైనా ఉచితం.

వాస్తవం: జాబితాలో ఉన్న చికిత్సకు, నెట్‌వర్క్ ఆసుపత్రిలోనే. చేరేముందు ఆసుపత్రిలో ఈ పథకం కోసం ఉండే ఆరోగ్యమిత్రను కలవండి. ప్యాకేజీలో ఉన్నదానికి విడిగా డబ్బు అడిగితే 104కి ఫోన్ చేయండి.