కౌంటర్ ఖర్చు ఎవరిది: ఈ-సేవ నుంచి వాట్సాప్ దాకా

2024 జులై 1న తెలంగాణ దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఒక ప్రకటన చేసింది. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎంల ద్వారా ఇక కరెంటు బిల్లు కట్టొద్దు, మా యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో కట్టండి అని. బిల్లుల చెల్లింపులు భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థ గుండా పోవాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. డిస్కం అప్పటికి అందులో చేరలేదు. తర్వాత చేరింది, యాప్‌లలో చెల్లింపులు మళ్లీ మొదలయ్యాయి. ఈలోగా గడువు దగ్గరపడిన వాళ్లకు మాత్రం టెన్షన్ తప్పలేదు. ప్రభుత్వ బిల్లుకూ జనానికీ మధ్య ఒక ప్రైవేటు కంపెనీ నిలబడి ఉంటుందన్న సంగతి మామూలు రోజుల్లో ఎవరికీ గుర్తుండదు. హైదరాబాద్‌లో ఆ ఏర్పాటుకు పాతికేళ్లు నిండాయి.

1990ల్లో నగరంలో కరెంటు బిల్లుకు ఒక క్యూ, నల్లా బిల్లుకు ఇంకో క్యూ, టెలిఫోన్‌కు మరొకటి. ఇంటి పన్నుకు మున్సిపల్ ఆఫీసుకు పోవాలి. అన్నిటికీ పనివేళలు ఒకటే కాబట్టి ఉద్యోగస్తులు సెలవు పెట్టి కట్టాల్సిందే. కంప్యూటర్లు ప్రభుత్వంలోకి అప్పటికే వస్తున్నాయి. 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' అనే కంప్యూటర్ రిజిస్ట్రేషన్ పద్ధతి మొదలైంది. అది పూర్తిగా సర్కారు సొమ్ముతో, సర్కారు మనుషులతో నడిచిన ప్రాజెక్టు. అదే ఏడాది ప్రారంభమైన సైబర్ టవర్స్ దారి వేరు. స్థలం ప్రభుత్వానిది, కట్టడం ఎల్ అండ్ టీది. చంద్రబాబు నాయుడు ప్రభుత్వానికి ఈ రెండో దారే నచ్చింది.

1999 చివర్లో బంజారాహిల్స్‌లో 'ట్విన్స్' పేరుతో ఒక ప్రయోగ కేంద్రం తెరిచారు. జంట నగరాలకు ఒకే కౌంటర్ అన్నది ఆలోచన. అది బాగా నడవడంతో 2001 ఆగస్టు 25న 'ఈ-సేవ'గా నగరమంతా విస్తరించారు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తెరిచి ఉండేది, సెలవు రోజుల్లోనూ కొన్ని గంటలు పనిచేసేది. ఏ కౌంటర్‌లోనైనా ఏ బిల్లైనా కట్టొచ్చు. చెప్పుకోవడానికి చిన్న విషయం, కానీ అప్పటిదాకా ఏ గుమాస్తా తన కిటికీ దాటి ఇంకో శాఖ పని చూసిన పాపాన పోలేదు.

దీని వెనక ఉన్న ఒప్పందమే అసలు కథ. ప్రభుత్వం భవనం ఇచ్చింది. కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్, కౌంటర్లలో కూర్చునే మనుషులు ప్రైవేటు భాగస్వామి బాధ్యత. సొంత ఖర్చుతో ఏర్పాటు చేసి, కొన్నేళ్లు నడిపి, చివరికి ప్రభుత్వానికి అప్పగించే పద్ధతి ఇది. భాగస్వామికి వచ్చేది లావాదేవీకి ఇంత అని. ఆ సొమ్ము బిల్లు కట్టేవాళ్లు ఇవ్వరు, ఆ శాఖ ఇస్తుంది. వసూలు కౌంటర్లు నడిపే ఖర్చు తగ్గుతుంది, డబ్బు త్వరగా చేతికి వస్తుంది కాబట్టి శాఖలకూ గిట్టుబాటే. జనం ఈ-సేవను అంత తొందరగా అక్కున చేర్చుకోవడానికి ఏసీ గది, టోకెన్ ఎంత కారణమో, పైన ఒక్క రూపాయి కూడా అడగకపోవడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం.

2004లో ప్రభుత్వం మారింది. ముందు ప్రభుత్వం గుర్తుగా మిగిలిన పథకాలకు సాధారణంగా ఏ గతి పడుతుందో తెలిసిందే. ఈ-సేవ మాత్రం బతికింది. 2005లో కర్ణాటక ఇదే నమూనా చూసి 'బెంగళూరు వన్' తెచ్చుకుంది.

అయితే ఈ పద్ధతి మెరిసింది బిల్లుల దగ్గరే. బిల్లంటే అంకె, అది సర్వర్‌లో ఉంటుంది, డబ్బు తీసుకుని రసీదు ఇస్తే పని అయిపోయింది. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ అలా కాదు. వాటికి తహశీల్దారు సంతకం కావాలి. కౌంటర్‌లో అమ్మాయి ఎంత చురుగ్గా టైప్ చేసినా ఫైలు మండల ఆఫీసులో ఆగితే ఆగినట్టే. ప్రైవేటు భాగస్వామి కిటికీని బాగుచేయగలడు, కిటికీ వెనక ఆఫీసును కాదు.

ఈ చిక్కును కొంతవరకు విప్పింది 'మీసేవ'. కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలో మొదలైంది. రికార్డులను ముందే డిజిటల్ సంతకంతో భద్రపరిచి ఉంచితే, అడంగల్ (పొలం సాగు వివరాల నకలు) లాంటివి అక్కడికక్కడే ముద్రించి ఇచ్చేయొచ్చు. విచారణ అవసరమైన వాటికి గడువు పెట్టారు. వేర్వేరు పేర్లతో నడుస్తున్న కేంద్రాలన్నీ ఈ ఒక్క గొడుగు కిందికి వచ్చాయి.

కానీ ఇక్కడ లెక్క తిరగబడింది. సేవా రుసుము ఇప్పుడు దరఖాస్తుదారుడి జేబులోంచి పోతుంది. కేంద్రం నడిపే వ్యక్తి కూడా మారాడు. ఒకప్పుడు కంపెనీ జీతగాడు, ఇప్పుడు ఎక్కువ చోట్ల అప్పో సప్పో చేసి షాపు తెరుచుకున్న కుర్రాడు. రుసుములో తన వాటాయే అతని రాబడి. అద్దె, కరెంటు, ప్రింటర్ ఇంకు అన్నీ అందులోంచే. నిర్ణీత రుసుముకు మించి వసూలు చేస్తున్నారన్న ఫిర్యాదులు ఎక్కడికక్కడ వినిపిస్తుంటాయి. అది తప్పే. ఆ రేట్లతో ఊళ్లో షాపు ఎలా నడుస్తుందో కూడా ఎవరైనా ఒకసారి లెక్క వేస్తే బాగుంటుంది.

తర్వాత ఫోన్ వచ్చి బిల్లుల గిరాకీని లాక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలై ధ్రువపత్రాల గిరాకీనీ పంచుకున్నాయి. అంటే ప్రైవేటు భాగస్వామితో ప్రభుత్వమే పోటీకి దిగింది. మీసేవను నమ్ముకుని పెట్టుబడి పెట్టినవాళ్లు మొత్తుకున్నారు.

2024 అక్టోబరులో ఏపీ ప్రభుత్వం వాట్సాప్ యజమాని మెటాతో ఒప్పందం చేసుకుంది. 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర' వాట్సాప్‌లో మొదలైంది. సౌకర్యం మాటకొస్తే దీనికి సాటి లేదు. అర్ధరాత్రి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, క్యూ మాటే లేదు. భాగస్వామ్యం స్వభావం మాత్రం పూర్తిగా వేరు. ఈ-సేవలో లావాదేవీకి ఎంతన్నది ప్రభుత్వంతో కుదుర్చుకున్న ఒప్పందంలో ఉండేది, ఆ ఏర్పాటు చివరికి ప్రభుత్వానికి దక్కాలన్న షరతుండేది. వాట్సాప్‌లో వ్యాపార సందేశాల రేట్ల పట్టిక ప్రపంచానికంతటికీ మెటాయే తయారు చేస్తుంది. మనం ముందుగా మాట కలిపితే వచ్చే జవాబులకు ఆ పట్టికలో రుసుము లేదు, సంస్థ తనంతట తాను పంపే సందేశాలకు ఉంది. ఆ లెక్క కట్టే పద్ధతిని 2025 జులైలో మెటా మార్చింది కూడా.