ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్పవుతోందా? అపోహలు - వాస్తవాలు

"ఏ కారణం లేకుండా పడిపోతోంది" అని ఆర్‌సీసీబీ గురించి, అంటే బోర్డులో కరెంటు లీకైతే సప్లై తెంచేసే స్విచ్ గురించి, ఫోన్ చేస్తారు. కారణం ఉంటుంది. కాకపోతే అందరూ ఫేజ్ వైరులో వెతుకుతుంటే అది చాలాసార్లు న్యూట్రల్‌లో దొరుకుతుంది.

అపోహ: లోడ్ ఎక్కువై పడిపోతోంది.
లోడ్ సంగతి చూసేది ఎమ్‌సీబీ, అంటే ఒక్కో సర్క్యూట్‌కు ఉండే చిన్న బ్రేకర్. ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అన్నదొక్కటే ఆర్‌సీసీబీ చూస్తుంది. ఇళ్లలో వాడే రకమైతే తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేసరికి తెంచేయాలి.

అపోహ: గీజర్ వేస్తేనే పడిపోతోంది, కాబట్టి గీజరే పాడైంది.
కావచ్చు. చాలాకాలం వాడని హీటింగ్ ఎలిమెంట్‌లో తేమ చేరి లీకేజీ రావడం మామూలే. కానీ గీజర్ ఆపి, వేరే గదిలో ఇంకో పెద్ద లోడ్ వేసినా పడిపోతుంటే ఆ అనుమానం వదిలేయండి. ఎక్కడో స్విచ్ బాక్సు స్క్రూ కింద నలిగిన న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతోందేమో చూడాలి. లోడ్ తక్కువున్నంతసేపు అటు పారే కరెంటు చాలా తక్కువ. పెద్ద లోడ్ వేయగానే న్యూట్రల్‌లో వోల్టేజ్ డ్రాప్ పెరిగి, తిరిగి రావాల్సిన కరెంటులో కొంత ఎర్త్‌లోకి జారిపోతుంది. తప్పు ఒక గదిలో, నింద ఇంకో గదిలోని గీజర్‌కు.

అపోహ: ఎమ్‌సీబీలు ఒక్కొక్కటే దించి చూస్తే తప్పున్న సర్క్యూట్ దొరికిపోతుంది.
సింగిల్ పోల్ ఎమ్‌సీబీ తెంచేది ఫేజ్‌ను మాత్రమే. న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది కాబట్టి పైన చెప్పిన తప్పు ఈ పద్ధతికి దొరకదు. మెయిన్ ఆపి, సప్లై లేదని టెస్టర్‌తో నిర్ధారించుకుని, ప్లగ్గులన్నీ పీకేసి, న్యూట్రల్ లింకు నుంచి ఒక్కో వైరూ విప్పి ఎర్త్‌తో 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టాలి. ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపించిందంటే ఆ లైనును వెంటాడాల్సిందే. ఇది ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని, ఇంట్లోవాళ్లు ప్రయత్నించొద్దు.

బోర్డులో రెండు ఆర్‌సీసీబీలుంటే ఇంకో తలనొప్పి. ఒకదాని ఫేజ్, రెండోదాని న్యూట్రల్ కలిపి ఒకే లైటుకు ఇచ్చేస్తారు. ఆ లైట్ వేసిన క్షణమే ట్రిప్. రిపేరు పనుల తర్వాత మొదలైన ట్రిప్పింగ్ అయితే నేను ముందు చూసేది దీన్నే.

అపోహ: 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ 22 దగ్గరే పడిపోయింది, పీస్ డిఫెక్టు.
కాదు. 15 వరకూ పడకూడదు, 30కి పడి తీరాలి. మధ్యలో ఎక్కడ పడినా సరైనదే. కంప్యూటర్లు, వాషింగ్ మెషిన్ల ఫిల్టర్లు ఏ లోపం లేకున్నా కాస్తకాస్త లీకేజీ ఇస్తూనే ఉంటాయి. అవన్నీ ఒకే ఆర్‌సీసీబీ మీద ఉంటే ట్రిప్పయ్యే గడప దాకా వచ్చేసినట్టే. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి లీకేజ్ క్లాంప్ (వైర్ల చుట్టూ తగిలించి లీకేజీ కొలిచే మీటర్) పెట్టి చూడండి. మామూలుగానే 9 మిల్లీఆంపియర్లు దాటుతుంటే సర్క్యూట్లను విడగొట్టి రెండు ఆర్‌సీసీబీలకు పంచాలి.

అపోహ: 100 మిల్లీఆంపియర్లది పెడితే గొడవ వదిలిపోతుంది.
దాంతోపాటు మనిషికున్న రక్షణా పోతుంది.

అపోహ: టెస్ట్ బటన్ నొక్కితే పడింది, అంతా బాగున్నట్టే.
లోపలి యంత్రాంగం పనిచేస్తోందని మాత్రమే తెలుస్తుంది. వైరింగ్ గురించీ, ఎర్తింగ్ గురించీ అది ఏమీ చెప్పదు.

వాన పడినప్పుడే వచ్చే ట్రిప్పింగ్‌కు మాత్రం ఎండలో వెళ్లి మెగ్గర్ పెడితే అన్ని రీడింగులూ బాగానే వస్తాయి. బయటి లైట్ల, మోటారు లైన్ల జంక్షన్ బాక్సులు తడి ఆరకముందే కొలవాలి.