మంచుగడ్డలు మోయని ఎలుగుబంట్లు

పెరూలోని కుస్కో ప్రాంతంలో, సినకారా లోయలో జరిగే కొయ్యుర్ రితి జాతరకు ఒకప్పుడు వెళ్లినవాళ్లకు ఇప్పుడు ఒక లోటు తెలుస్తుంది. ఎలుగుబంటి వేషగాళ్లయిన ఉకుకులు రాత్రంతా హిమానీనదం మీద గడిపి, తెల్లారేసరికి వీపున మంచుగడ్డలు కట్టుకుని దిగివచ్చేవారు. ఆ మంచు కరిగిన నీళ్లు జనానికి తీర్థంతో సమానం: రోగాలకు మందు, పొలానికీ పశువులకూ రక్ష. 2000 తర్వాతి ఏళ్లలో ఆ మంచు కోత ఆగిపోయింది. కొండ మీద మంచు కరిగిపోతుంటే చూస్తూ ఉకుకులే మానుకున్నారు.

ఈ జాతర ఎక్కడ మొదలైందంటే రెండు జవాబులు వస్తాయి.

చర్చి చెప్పేది 1780 నాటి కథ. మరియానో అనే పశుల కాపరి పిల్లాడికి కొండ మీద మాన్యుయెల్ అనే కుర్రాడు తోడయ్యాడు. అప్పటినుంచి మంద పెరిగింది. మాన్యుయెల్ బట్టల్లాంటి గుడ్డ కోసం మరియానో కుస్కో వెళితే, అది బిషప్‌లు మాత్రమే కట్టే గుడ్డ అని తేలింది. విచారణకు వచ్చినవాళ్లు ఆ కుర్రాణ్ణి పట్టుకోబోతే కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు వచ్చింది, అతను మాయమయ్యాడు. అక్కడ శిలువ మీది క్రీస్తు రూపం మిగిలింది. మరియానో అక్కడే చనిపోతే ఒక బండ కింద పాతిపెట్టారు. ఆ బండ మీది క్రీస్తు బొమ్మకే ఇప్పటి గుడి. కథకు ఆ ఏడాదే ఎందుకు తగిలించారా అని నాకు అనుమానం. తుపాక్ అమారు నాయకత్వంలో కుస్కో ప్రాంతపు ఆదివాసులు స్పెయిన్ మీద తిరగబడింది 1780లోనే.

రెండో జవాబు ఆకాశంలో ఉంది. మనం కృత్తికలు అనే చుక్కల గుంపును అక్కడివాళ్లు కొల్కా అంటారు, అంటే గాదె. కొన్ని వారాలు కనబడకుండా పోయిన ఆ చుక్కలు జూన్‌లో తెల్లవారుజామున మళ్లీ పొడుస్తాయి. ఈస్టర్ తర్వాత 58వ రోజున వచ్చే జాతర కూడా ఆ రోజుల చుట్టూనే పడుతుంది. కొయ్యుర్ అంటే చుక్క, రితి అంటే మంచు. ఆ పేరులో క్రీస్తు లేడు. కొండల్ని దేవుళ్లుగా కొలిచే పాత మొక్కు మీద కొత్త కథ కూర్చుందని చాలామంది పరిశోధకుల మాట, నాకూ అదే సబబుగా తోస్తుంది.

మావయాని ఊరి నుంచి సుమారు 8 కిలోమీటర్లు ఎక్కితే లోయ వస్తుంది. ఎత్తు 4,600 మీటర్ల పైమాటే, ఊపిరి అందదు. 2011లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు యాత్రికుల సంఖ్యను దాదాపు 90 వేలుగా చెప్పింది. ‘దేశాలు’ అని పిలుచుకునే ఎనిమిది బృందాలు వంద రకాల నాట్యాలతో వస్తాయి. 24 గంటల ఊరేగింపు తాయంకాని గ్రామం దాకా సాగి, ఉదయపు తొలికిరణాల కోసం ఆగుతుంది.

ఇంత గుంపులో క్రమశిక్షణ చూసేదీ ఉకుకులే. కొరడా చేతిలో ఉంటుంది, గొంతు మాత్రం సన్నగా కీచుమంటుంది, చేష్టలు విదూషకుడివి. మనిషికీ ఎలుగుకూ పుట్టినవాళ్లు కాబట్టి, మంచు మీద తిరిగే శాపగ్రస్త ఆత్మలతో పోరాడగలరని నమ్మకం.

ఇప్పుడూ వాళ్లు రాత్రి పైకి వెళతారు. దిగేటప్పుడు భుజాన శిలువ ఉంటుంది, వీపు మాత్రం ఖాళీ. మంచు అంచు చేరడానికి నడిచే దూరం మునుపటికంటే పెరిగింది.