పాత బ్రిటిష్ బండికి ఆర్సీ ఎందుకింత కష్టం?

గోదావరి జిల్లాల్లో ఏ రైసుమిల్లు గోదాములోనో పాత బ్రిటిష్ మోటార్ సైకిల్ బయటపడితే, దాన్ని మళ్లీ నడిపించడం అసాధ్యమేమీ కాదు. వెతికితే పని తెలిసిన మెకానిక్ దొరుకుతాడు, బుష్‌లు తిప్పి ఇచ్చే లేతు షాపులూ ఉన్నాయి. చిక్కంతా ఆర్సీ దగ్గరే. పుస్తకం ఎప్పుడో పోయిన తాతగారి పేరు మీద ఉంటుంది. పుస్తకంలో ఉన్న ఇంజన్ నంబరు బండి మీద ఉండదు. ఒక్కోసారి పుస్తకమే ఉండదు. చాలామంది దీన్ని ఇంట్లోవాళ్ల అశ్రద్ధ కిందో, ఆఫీసులో తిప్పించుకోవడం కిందో జమకట్టేస్తారు. నిజానికి చిక్కు మొదలైంది ఎనభై ఏళ్ల కిందట.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మింగ్‌హామ్‌లోని బీఎస్ఏ కంపెనీ ఎం20 అనే 500 సీసీ బండిని సైన్యం కోసం లక్షా ఇరవై వేలకు పైగా తయారుచేసింది. నార్టన్ 16హెచ్, మ్యాచ్‌లెస్ జీ3ఎల్, రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా వేలల్లో సైన్యంలోకి వెళ్లాయి. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలిపోయిన బళ్లను డిస్పోజల్ సరుకు కింద అమ్మేశారు. సైనిక వర్క్‌షాపుల్లో ఒక బండి ఇంజన్ తీసి ఇంకో బండికి బిగించడం రోజూ జరిగే పనే. దానికితోడు ఆ రోజుల బీఎస్ఏ బళ్లలో ఫ్రేమ్ నంబరు, ఇంజన్ నంబరు ఫ్యాక్టరీలోనే వేరువేరుగా పడేవి. అంటే ఇప్పుడు మనం ‘నంబర్లు కలవడం లేదు’ అని టెన్షన్ పడే బళ్లలో కొన్ని, మొదటి యజమాని చేతికి వచ్చేనాటికే అలా ఉన్నవి.

ఈ బళ్లు మన దగ్గరికి వచ్చిన రెండో దారి మద్రాసు. ఇంగ్లండ్‌లోని రెడిచ్ ఊళ్లో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ నుంచి మన సైన్యం 350 సీసీ బుల్లెట్లు తెప్పించుకుంది. ఆ ఆర్డరు వల్లే 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. మొదట్లో ఇంగ్లండ్ నుంచి విడిభాగాలు వచ్చేవి, తిరువొత్తియూరులో బిగించేవాళ్లు. 1960ల మొదట్లో తయారీ మొత్తం ఇక్కడే మొదలైంది. 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది, 1970ల మొదట్లో బీఎస్ఏ కూడా కుప్పకూలింది. బుల్లెట్టు వాళ్లకి మద్రాసు సామాను దొరికింది. బీఎస్ఏ, నార్టన్ ఉన్నవాళ్లకి దిగుమతుల ఆంక్షల మధ్య దిక్కు లేతు మిషనే.

ఈ విషయంలో డెల్టా అదృష్టవంతురాలు. రైసుమిల్లులు, చేలల్లో ఆయిల్ ఇంజన్లు, గోదావరిలో లాంచీలు, వీటన్నిటి రిపేర్ల మీద బతికిన లేతు షాపులు ఇక్కడ ఊరూరా ఉండేవి. చించినాడ దగ్గరా, యానాం - ఎదుర్లంక మధ్యా వంతెనలు రాకముందు కోనసీమలో బండి నడపడమంటే సగం దారిలో పంటు, అంటే బళ్లను ఏరు దాటించే బల్లకట్టు, ఎక్కించడమే. నరసాపురం - సఖినేటిపల్లి రేవులో పంటు మీద ఇప్పటికీ మోటార్ సైకిళ్లు దాటిస్తున్నారు. ఉప్పుగాలికీ తేమకీ రేకు తినేస్తుంది, స్పోకులు తుప్పుపడతాయి. ఇలాంటి చోట ఈ బళ్లు బతికాయంటే ఏ భాగం పోతే దాని బదులు చేతికి దొరికింది వేసి నడిపించడం వల్లే. ఆ మెకానిక్‌లకి మనం రుణపడి ఉన్నాం.

వాళ్ల చేతిపని చూడాలంటే మాగ్నెటో టైమింగ్, అంటే ఇంజన్‌లో నిప్పురవ్వ పడే సమయం, పెట్టేటప్పుడు పక్కన నిలబడాలి. మాగ్నెటోలో తెరుచుకుని మూసుకునే పాయింట్ల మధ్య పల్చటి సిగరెట్ కాగితం పెట్టి, ఒక చేత్తో దాన్ని మెల్లగా లాగి పట్టుకుని, ఇంకో చేత్తో ఇంజన్‌ని కొద్దికొద్దిగా తిప్పుతారు. కాగితం జారిన క్షణమే పాయింట్లు తెరుచుకున్న క్షణం. నట్ల సంగతి వేరే. పాత బ్రిటిష్ బళ్లకి విట్‌వర్త్, సైకిల్ థ్రెడ్లనే పాత బ్రిటిష్ కొలతల మరలు ఉంటాయి. విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, ఇప్పటి మెట్రిక్ మరది 60. మెట్రిక్ బోల్టు రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. ఓపిక లేనివాడు ఇంజన్ కేసుకి కొత్తగా ట్యాపు కొట్టేసి వేరే మర కోస్తాడు. ఆ గాయం మళ్లీ మానదు.

ఇక చట్టం. 1939 నాటి మోటారు వాహనాల చట్టం పోయి, 1988 చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చింది. సొంత బండి ఆర్సీకి పదిహేనేళ్ల గడువు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. అప్పుడే మూడక్షరాల పాత నంబర్లు ఆగిపోయి తూర్పు గోదావరికి ఏపీ 5, పశ్చిమకి ఏపీ 37 వచ్చాయి. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చింది. ఈలోగా రికార్డులు కంప్యూటర్లలోకి వెళ్లాయి, యజమాని రెన్యువల్‌కి రాని బళ్లు చాలావరకు పాత లెడ్జర్లలోనే ఉండిపోయాయి. యానాం బండైతే నంబరు పీవై 04, అక్కడి నుంచి ఎన్ఓసీ తెచ్చుకోవాలి.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండి, చాసిస్‌లో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటే వింటేజ్ కిందికి వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, తర్వాత 5,000. నంబరులో రాష్ట్రం కోడ్ పక్కన ‘వీఏ’ ఉంటుంది. ముందే రిజిస్టర్ అయిన బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు, కానీ పాత ఆర్సీ జతచెయ్యాలి. ఆ బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే తియ్యాలి.

మన బళ్లకి ఇది సరిగ్గా అతకదని నా అభిప్రాయం. లేతు మీద తయారైన భాగాలతో, మారిన ఇంజన్‌తో అరవై ఏళ్లు నడిచిన బండిని ‘అసలు రూపం’ అనే కొలతతో కొలిస్తే నిలబడదు. అద్దాల గదిలో దాచిన బళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధన ఇది. ఇంజన్ మార్పుని ఎప్పుడు, ఎక్కడ చేశారో రాసుకుని ఒప్పుకునే వెసులుబాటు ఇందులో ఉండాల్సింది.

అందుకే పాత ఆర్సీ చేతిలో ఉన్నవాళ్లు వీఏ నంబరు మోజులో పడకుండా మామూలు రెన్యువల్‌కే వెళ్లడం మేలు. 2025లో ఇరవై ఏళ్లు దాటిన మోటార్ సైకిళ్లకి రెన్యువల్ ఫీజు 2,000 చేశారు. అది కట్టినా, బండిని రోడ్డు మీద నడుపుకోవచ్చు. యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆఫీసుకి తెలిపి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. తరాల తరబడి ఈ ఒక్క పని చెయ్యకపోవడంతోనే ఎన్నో ఇళ్లలో కథ అక్కడే ఆగింది. పుస్తకం పోతే పోలీసు రిపోర్టుతో డూప్లికేట్ అడగాలి, దానికి ముందు లెడ్జర్‌లో ఆ నంబరు ఉందో లేదో వెతికించాలి.

ఇంకొకటి. ఫ్రేమ్‌కి ఇసుక కొట్టించినా, ఇంజన్ కేసుకి బఫింగ్ పట్టించినా పైపైన పడిన పాత అంకెలు అరిగిపోతాయి. అరిగిన నంబరుని చూసిన ఇన్‌స్పెక్టర్‌కి అనుమానం రాక మానదు. కాబట్టి రెండు నంబర్ల మీదా కాగితం ఆనించి పెన్సిల్ ప్రింట్ తీసి, ఫొటోలు కూడా తీసి పెట్టుకున్నాకే బండిని విప్పమని మెకానిక్‌కి చెప్పాలి.